ఖాళీ ఎక్కడ పెట్టాలి? ప్రోటీన్ సీక్వెన్సుల అలైన్‌మెంట్‌పై చర్చ

యాంకర్: నమస్కారం. సార్, ప్రోటీన్ల సీక్వెన్సులను, అంటే వాటిలోని అమైనో ఆమ్లాల వరసలను, పోలికలు కలిసేలా ఒకదాని కింద ఒకటి పేర్చమంటే, అదే అలైన్‌మెంట్ చేయమంటే, కంప్యూటర్ పేర్చేస్తుంది కదా, ఇందులో కష్టమేముంది?

ప్రొఫెసర్: మన రక్తంలోని హీమోగ్లోబిన్‌నే చూడండి. ఆల్ఫా గొలుసులో 141 అమైనో ఆమ్లాలు, బీటాలో 146. ఆల్ఫా మొదలయ్యేది వేలీన్, ల్యూసీన్, సెరీన్, ప్రోలీన్ అని. బీటా అయితే వేలీన్, హిస్టిడీన్, ల్యూసీన్, త్రియోనీన్, ప్రోలీన్. ఉన్నవి ఉన్నట్టు పేరిస్తే వేలీన్ తర్వాత అంతా ఒక గడి పక్కకు జరుగుతుంది. ఆల్ఫాలో ఆ వేలీన్ పక్కన ఒక్క ఖాళీ వదలండి. ల్యూసీన్ కింద ల్యూసీన్, ప్రోలీన్ కింద ప్రోలీన్, ఇంకాస్త ముందుకెళ్తే ట్రిప్టోఫాన్ కింద ట్రిప్టోఫాన్ వచ్చి కూర్చుంటాయి. ఆ ఖాళీ ఎక్కడ పడాలన్నదే అసలు పేచీ.

యాంకర్: దానికి కచ్చితమైన లెక్క లేదా మేడమ్?

పరిశోధకురాలు: రెండింటికైతే ఉందండీ, 1970లో నీడిల్‌మన్, వున్ష్ ఇచ్చారు. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం రాస్తాం. అలా 150 అక్షరాల సీక్వెన్సులు రెండుంటే, వాటిని పోల్చే పట్టికలో 22,500 గడులు నింపాలి. మూడైతే 33,75,000. ఐదుకొచ్చేసరికి ఏడున్నర వేల కోట్లు దాటుతాయి! అందుకే బాగా పోలికలున్న సీక్వెన్సులను, దగ్గరి చుట్టాలన్నమాట, ముందు కలిపి, దూరపువాళ్లను తర్వాత చేర్చుకుంటూ పోతాం. 1987లో ఫెంగ్, డూలిటిల్ చూపించిన దారి అది. 1994 నాటి క్లస్టాల్ డబ్ల్యూ అనే ప్రోగ్రాం నడిచిందీ ఆ దారినే.

ప్రొఫెసర్: ఒక్క నిమిషం అమ్మా. అందులో చిక్కేమిటో కూడా చెప్పాలి. మొదట్లో తప్పుగా పడిన ఖాళీ చివరిదాకా అలాగే ఉండిపోతుంది.

పరిశోధకురాలు: నేను పడ్డాను సార్ ఆ బాధ. గ్లోబిన్ల మీద, అంటే హీమోగ్లోబిన్ కుటుంబపు ప్రోటీన్ల మీద, పనిచేస్తున్నప్పుడు సగం తెగిన సీక్వెన్సు ఒకటి నా ఫైల్లో ఉండిపోయింది. దానివల్ల ఖాళీలు అడ్డదిడ్డంగా పడ్డాయి. రెండు వారాలు ఆ అలైన్‌మెంట్‌తోనే వంశవృక్షం గీసుకుంటూ కూర్చున్నాను. చివరికి పట్టించింది హిస్టిడీన్. హీమ్‌లోని ఇనుమును పట్టుకునే ఆ హిస్టిడీన్ ఆల్ఫాలో 87వది, బీటాలో 92వది, కండరాల్లో ఉండే మయోగ్లోబిన్‌లో 93వది. మూడూ ఒకే నిలువు వరసలో ఉండాలి. నా స్క్రీన్ మీద లేవు.

యాంకర్: మరి సాఫ్ట్‌వేర్ దాన్ని సరిదిద్దదా?

పరిశోధకురాలు: కొంతవరకే. మాఫ్ట్, మజిల్ లాంటి ప్రోగ్రాంలు పేర్చినదాన్ని విడదీసి మళ్లీ పేర్చి చూస్తాయి. టీ-కాఫీ అనే ప్రోగ్రాం అయితే ముందే అన్ని జతలనూ సంప్రదిస్తుంది. కానీ తెగిన ముక్కను మనమే తీసేయాలి.

యాంకర్: ప్రోటీన్ ఎలా మడత పడుతుందో అంచనా వేసే ఏఐ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ఇదంతా అవసరమా సార్?

ప్రొఫెసర్: ఆల్ఫాఫోల్డ్ 2 తీసుకునే ముడిసరుకే ఈ అలైన్‌మెంట్! రెండు నిలువు వరసలు జతగా మారుతూ వస్తే, ఆ రెండు చోట్లూ మడత పడిన ప్రోటీన్‌లో పక్కపక్కనే ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఆచూకీ దానికి ఇక్కడి నుంచే దొరుకుతుంది.

యాంకర్: ఒక విద్యార్థి అడుగుతున్నారు, యాభై సీక్వెన్సులున్నాయి, ఏది వాడాలని.

పరిశోధకురాలు: మాఫ్ట్‌లో ఎల్-ఐఎన్ఎస్-ఐ అనే పద్ధతి పెట్టండి. వేలల్లో ఉంటే క్లస్టాల్ ఒమేగా అనే ప్రోగ్రాం. ఏది వాడినా, ముందు మీ ప్రోటీన్‌లో మారకూడని అక్షరం ఏదో కాగితం మీద రాసుకుని, తర్వాత రన్ చేయండి.