పిన్ని అడిగిన ప్రశ్న

నమస్కారమండీ. చెన్నైలో ఈ టైంకి వంటింట్లోనో, ఆటోలోనో, షాపు కౌంటర్ దగ్గరో రేడియో పెట్టుకుని వింటున్న మన తెలుగువాళ్ళందరికీ నమస్కారం. ఈరోజు సినిమాల గురించి మాట్లాడదామని వచ్చానండీ. నిజంగా బతికిన మనుషుల కథలతో తీసిన సినిమాలు, బయోపిక్‌లు అంటున్నాం కదా, వాటిలోనూ పెద్ద దెబ్బ తిని మళ్ళీ సంతోషంగా నిలబడ్డవాళ్ళవి. నాకు ఇవంటే ప్రాణం. ఎందుకో చెప్పాలంటే ముందు మా పిన్ని సంగతి చెప్పాలి.

కొన్నేళ్ళ కింద మా పిన్నికి షుగర్ వల్ల కాలి వేలికి పుండు పడింది, మానలేదు, పైకి పాకింది, చివరికి మోకాలి కింద దాకా తీసేయాల్సి వచ్చింది. పెరంబూర్‌లో మా ఇంటికే తీసుకొచ్చాం. పొద్దున్నే అయిదింటికి లేచి వాకిలి ఊడ్చి ముగ్గేసే మనిషి, గోడవైపు తిరిగి పడుకుని ఎవరు పిలిచినా పలికేది కాదు. ఓ ఆదివారం మా తమ్ముడు, పిన్నికి ధైర్యం వస్తుందిలే అని టీవీలో 'మయూరి' పెట్టాడు.

మీలో చాలామంది చూసే ఉంటారు. సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన సినిమా, నాట్యకారిణి సుధాచంద్రన్ కథ, ఆ పాత్ర ఆవిడే వేశారు, దానికి నేషనల్ అవార్డుల్లో స్పెషల్ జ్యూరీ అవార్డు కూడా వచ్చింది. ఆవిడకి యాక్సిడెంట్ అయింది మన తమిళనాడులోనే, 1981లో, తిరుచ్చి దగ్గర బస్సులో వెళ్తుంటే. అప్పటికి పదహారేళ్ళ పిల్ల. కాలికి గాంగ్రీన్ వచ్చి తీసేశారు. తర్వాత జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు తయారుచేసే డాక్టర్ సేథీ గారికి మెగసెసే అవార్డు వచ్చిందని ఏదో పత్రికలో చదివి, ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళి, ఆ కాలు పెట్టించుకుని మళ్ళీ భరతనాట్యం మొదలుపెట్టి, 1984లో బొంబాయిలో స్టేజీ ఎక్కారు.

సినిమా అయిపోయింది. మేమందరం పిన్ని ఏడుస్తుందేమో, నవ్వుతుందేమో అని ఆవిడ మొహమే చూస్తున్నాం. పిన్ని చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నావైపు తిరిగి "డాన్సు సంగతి సరేలేవే, ఆ కాలితో ఆ పిల్ల కింద కూర్చోగలదా?" అంది.

మాకెవ్వరికీ తెలీదండీ. అప్పటిదాకా మాకు ఆ ఆలోచనే రాలేదు. మేం చప్పట్లు కొట్టే సీను చూశాం, పిన్నేమో ఇంట్లో కింద కూర్చోవడం, బాత్రూంకి పోవడం, కత్తిపీట ముందేసుకుని కూరలు తరుక్కోవడం గురించి ఆలోచించింది. తను పోగొట్టుకుంది అదే మరి.

ఆ రాత్రి నేను కూర్చుని జైపూర్ కాలు గురించి దొరికిందల్లా చదివాను, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. పెద్దగా చదువుకోని రామచంద్ర శర్మ అనే శిల్పి, మాస్టర్‌జీ అంటారు ఆయన్ని, డాక్టర్ సేథీతో కలిసి తయారుచేసిన కాలు అది. అంతకుముందున్న విదేశీ కాళ్ళకి బూటు వేసుకుని తీరాలి, మడమ దగ్గర వంగదు. మనవాళ్ళు కింద కూర్చుంటారు, చెప్పుల్లేకుండా గుడికి పోతారు, పొలంలో బురదలో దిగుతారు, వాళ్ళకి అది ఎలా సరిపోతుంది? అందుకే రబ్బరుతో, వేళ్ళతో సహా అచ్చం పాదంలా చేశారు. దాంతో గొంతుక్కూర్చోవచ్చు, మఠం వేసుకోవచ్చు, చెప్పుల్లేకుండా నడవచ్చు. 1975లో జైపూర్‌లో పెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి వాళ్ళు ఈ కాళ్ళని ఉచితంగా ఇస్తున్నారు. అంటే పిన్ని అడిగిన ప్రశ్న, మేం ఎవ్వరం అడగకముందే మాస్టర్‌జీ అడిగాడన్నమాట.

అప్పట్నుంచీ నేను ఈ రకం సినిమా ఏది చూసినా ఒక్కటే చూస్తున్నా, పడిపోయిన సీనుకీ గెలిచిన సీనుకీ మధ్యలో ఏం చూపించారు అని. చాలావాటిలో అక్కడ ఒక పాట ఉంటుంది, నాలుగు నిమిషాల్లో నాలుగేళ్ళు గడిచిపోతాయి, అదే నాకు కష్టంగా ఉంటుంది. సుధాచంద్రన్ గారికి మొదట్లో ప్రాక్టీసు చేస్తుంటే కాలు ఒరుసుకుని రక్తం వచ్చేదట. యాక్సిడెంట్‌కీ స్టేజీకీ మధ్య దాదాపు మూడేళ్ళు. మంచంలో ఉన్న మనిషికి కావాల్సింది ఆ మూడేళ్ళ కథ, ఎందుకంటే తను ఉన్నది అక్కడే.

మురళీకాంత్ పేట్కర్ గారిది చూడండి, 'చందూ ఛాంపియన్' అని 2024లో వచ్చింది. ఆర్మీలో బాక్సర్, 1965 యుద్ధంలో బుల్లెట్లు తగిలి నడుం కింద చచ్చుబడిపోయింది. ఈత మొదలుపెట్టింది పతకం కోసం కాదు, వైద్యంగా. అదే ఈతతో 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పారాలింపిక్స్ గోల్డ్ కొట్టాడు, పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి గోల్డు. పద్మశ్రీ ఎప్పుడొచ్చిందో తెలుసా, 2018లో! మధ్యలో నలభై ఆరేళ్ళు ఆ మనిషి అవార్డు కోసం ఎదురు చూస్తూ కూర్చోలేదు కదా, రోజూ లేచాడు, బతికాడు.

మన మచిలీపట్నం దగ్గర సీతారామపురం కుర్రాడు శ్రీకాంత్ బొల్లా గారి సినిమా కూడా 2024లోనే వచ్చింది, 'శ్రీకాంత్' అనే పేరుతోనే. పుట్టుకతో చూపు లేదు, టెన్త్ తర్వాత సైన్స్ తీసుకుంటానంటే కుదరదన్నారు, కోర్టుకెళ్ళి గెలిచి సైన్స్ చదివాడు, అమెరికాలో ఎంఐటీకి పోయాడు, వెనక్కొచ్చి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టాడు. నాకు అందులో బాగా నచ్చిందేంటంటే ఆయన్ని దేవుణ్ణి చెయ్యలేదు. ఆ సినిమాలో ఆయనకి కోపం వస్తుంది, పొగరు వస్తుంది, తనవాళ్ళనే దూరం చేసుకుంటాడు. చూపులేనివాడంటే మెత్తగా, మంచిగా ఉండాలనే మన పాత అలవాటుని అది తీసి పక్కన పెట్టింది, అందుకే నమ్మబుద్ధేసింది.

కొందరు బయోపిక్‌లలో నిజాలు మార్చేస్తారండీ అని గొడవపెట్టుకుంటారు. 'ఆకాశం నీ హద్దురా'లో హీరో మధురై వైపువాడు, ఆ కథకి మూలమైన, ఎయిర్ డెక్కన్ విమానాల కంపెనీ పెట్టిన అసలు గోపీనాథ్ గారేమో కర్ణాటకలో గొరూర్ వాళ్ళు. ఊరు మారిస్తే నాకు ఇబ్బంది లేదు, కష్టాన్ని కురచ చేస్తేనే ఇబ్బంది. 2006లో విల్ స్మిత్ చేసిన 'పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్', ఉండడానికి ఇల్లు లేక చిన్న కొడుకుతో తిరిగిన ఓ అమెరికా తండ్రి నిజం కథ, అందులో పిల్లాడి వయసు మార్చారు, అయినా స్టేషన్ బాత్రూంలో తలుపుకి కాలు అడ్డం పెట్టి, బిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకుని తండ్రి ఏడ్చే సీను ఉంది చూశారూ, అక్కడ కెమెరా తొందరపడదు. అందుకే చివర్లో ఉద్యోగం వచ్చాక రోడ్డు మీద జనంలో నడుస్తూ తనకు తనే చప్పట్లు కొట్టుకుంటుంటే, మనకి ఆ సంతోషం కొన్నట్టు ఉండదు, సంపాదించుకున్నట్టు ఉంటుంది.

పిన్ని సంగతి చెప్పి సెలవు తీసుకుంటా. పుండు పూర్తిగా మానాక ఒక క్యాంపులో కొలతలిచ్చి కాలు పెట్టించుకుంది. మొదటి నెలంతా తిట్లే, కాలుని తిట్టింది, మమ్మల్ని తిట్టింది, సినిమా పెట్టినందుకు తమ్ముణ్ణి తిట్టింది. వాడు నవ్వుతూ తిట్లు తిని రోజూ సాయంత్రం చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించేవాడు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో నేల మీద కత్తిపీట వేసుకుని కూర్చుని దొండకాయలు తరుగుతోంది, ఆవిడ కోసం మేం కొన్న ఎత్తు స్టూలు బయట వరండాలో పడుంది. నన్ను చూసి "ఆ స్టూలు ఎవరికైనా ఇచ్చెయ్యవే, కాళ్ళకి అడ్డం వస్తోంది" అంది.