చంపిన ఫ్లాస్కు పెట్టారా?

పద్మ: నమస్కారం. ఇవాళ్టి అంశం పురుగుమందుల్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా. దానికి ముందు పోయినసారి మిగిలిపోయిన నాచు ప్రశ్న, మీలో ఒకరు పంపింది, ఒకటుంది, రెండు నిమిషాల్లో తేల్చేద్దాం.

రవి: రెండు నిమిషాలా అక్కా? పోయినసారి కూడా అలాగే అన్నావు.

పద్మ: ముందు ఉత్తరం చదువు.

రవి: "ఆల్జినేట్‌ని, అంటే గోధుమరంగు నాచులోని జిగురును, విరగ్గొట్టే బ్యాక్టీరియా కోసం భీమిలి రాళ్ళ దగ్గర కుళ్ళిన సర్గాసం నాచు తెచ్చి, లీటరుకు రెండు గ్రాముల సోడియం ఆల్జినేట్ ఉన్న ఉప్పునీటి మీడియంలో, అదే బ్యాక్టీరియాను పెంచే ద్రావణంలో, వేశాం. రెండు రోజులకే ఫ్లాస్కు మసకబారింది. ప్లేటు మీద మాత్రం ఒక్క కాలనీ చుట్టూ కూడా ఆల్జినేట్ విరిగినట్టు చూపే తేట వలయం రాలేదు. ఎందుకు?"

పద్మ: ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఎంత వేశారట?

రవి: లీటరుకు అర గ్రాము.

పద్మ: అయితే ఇంకేముంది. ఈస్ట్ తిని పెరిగాయి, ఆల్జినేట్ జోలికే పోలేదు. ఎదురుగా వండిన అన్నం ఉంటే వడ్లు దంచుకుని ఎవరు తింటారు?

రవి: అక్కడే నాకు అభ్యంతరం. సముద్రపు బ్యాక్టీరియాలో చాలావాటికి బీ12 బయటి నుంచి అందాలి. ఈస్ట్ పూర్తిగా తీసేస్తే ఆల్జినేట్‌ని బాగా కోసేవే ముందు చచ్చిపోతాయి.

పద్మ: విటమిన్లే కావాలంటే విటమిన్లే ఇవ్వు. బీ12, బయోటిన్, థయమిన్, మైక్రోగ్రాముల్లో. ఆ పేరు చెప్పి అర గ్రాము తిండి పెట్టడం దేనికి?

రవి: అమైనో ఆమ్లాలు కూడా కావాల్సినవి ఉంటాయిగా?

పద్మ: ఉంటాయి. అప్పుడు 0.05 గ్రాములు వెయ్యి. పక్కనే ఆల్జినేట్ లేని ఫ్లాస్కు ఒకటి, మిగతావన్నీ అవే కొలతల్లో. రెండింట్లోనూ పెరుగుదల ఎంతో చూడు. వాటి మధ్య తేడా ఎంతో, అంతే ఆల్జినేట్ ఖాతాలోది.

రవి: 0.05 అయితే ఒప్పుకుంటా. ఇంకొకటి. అసలు ఆ మసక బ్యాక్టీరియానేనా? మీడియంలో అమ్మోనియం ఉంది, మెగ్నీషియం ఉంది, ఫాస్ఫేట్ ఉంది. మూడూ కలిపి ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే కుక్కర్‌లో, పెడితే ఆ మూడింటి ఉప్పే తెల్లగా విరిగి కూర్చుంటుంది.

పద్మ: అవును. ఫాస్ఫేట్‌ని విడిగా ఆటోక్లేవ్ చేసి, రెండూ చల్లారాక కలపాలి. లీటరుకు 0.1 గ్రాముల డైపొటాషియం ఫాస్ఫేట్ చాలు.

రవి: మామూలుగా అయితే ఆమ్లం చుక్క వేసి చూస్తాం, కరిగితే ఉప్పు అని. ఇక్కడ అది పనికిరాదు. ఆమ్లం తగిలితే ఆల్జినేటే ఆల్జినిక్ ఆమ్లంగా గడ్డకడుతుంది. మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.

పద్మ: కాల్షియం గురించీ చెప్పు.

రవి: సముద్రపు నీళ్ళలో ఉన్నంత కాల్షియం వేస్తే ఆల్జినేట్ జిగురు ముద్దవుతుంది. కాల్షియం క్లోరైడ్ లీటరుకు 0.15 గ్రాములు దాటించకండి. ఆల్జినేట్ పొడి కూడా ఒక్కసారిగా గుమ్మరించొద్దు. నీళ్ళు సుడి తిరుగుతుండగా కొద్దికొద్దిగా చల్లాలి. లేకపోతే రాగిజావలోలా ఉండలు కడుతుంది, పైన తడి, లోపల పొడి. ఆ ఉండల్ని పిపెట్‌తో కొలిస్తే ఒక్కో ఫ్లాస్కుకీ ఒక్కో లెక్క వస్తుంది.

పద్మ: ప్లేటు సంగతి నేను చెప్తా. పది శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణం ప్లేటు నిండా పోసి పది నిమిషాలు ఆగండి. విరగని ఆల్జినేట్ తెల్లబడుతుంది, విరిగిన చోట వలయం తేటగా ఉండిపోతుంది. దీనికి ముందే కాలనీలకు ఇంకో ప్లేటులో నకలు తీసి పెట్టుకోండి, తర్వాత వాటిని బతికించుకోవడం కష్టం.

రవి: ప్లేటులో గుంటలు పడితే?

పద్మ: అది వేరే ఎంజైము. అది కోసింది ఆల్జినేట్‌ని కాదు, కిందున్న అగర్‌ని. అగర్ కూడా ఎర్ర నాచు చక్కెరే. నేలమీది బ్యాక్టీరియాలో చాలావాటికి దాన్ని తినడం చేతకాదు, ప్లేట్లకు దాన్ని ఎంచుకోవడానికి అదీ ఒక కారణం. సముద్రం నుంచి తెచ్చినవాటికి అది కూడా తిండే. గుంటను చూసి ఆల్జినేట్ లయేజ్, అంటే ఆల్జినేట్‌ని తెంపే ఎంజైము, దొరికిందని రాసుకోకండి.

రవి: లయేజ్ ఖాయం చేసుకోవాలంటే 235 నానోమీటర్ల కాంతి దగ్గర చూడాలి. అది గొలుసును తెంపిన ప్రతిచోటా ఒక జంట బంధం మిగులుతుంది, ఆ బంధం అక్కడ కాంతిని పీల్చుకుంటుంది. నమూనా పోసే క్యువెట్ మామూలు ప్లాస్టిక్‌ది వాడితే ఆ ప్లాస్టిక్కే కాంతిని పీల్చేస్తుంది. క్వార్ట్జ్ కావాలి.

పద్మ: పోల్చుకోవడానికి మరిగించిన ఎంజైముతో ఒక గొట్టం కూడా.

రవి: వచ్చేసింది చంపిన ఫ్లాస్కు!

పద్మ: రావాలి. బ్యాక్టీరియాను చంపేసి, మిగతావన్నీ అలాగే ఉంచి పోల్చుకునే ఫ్లాస్కు ఉండాల్సిందే. ఇంకా వస్తుంది.

రవి: అక్కా, ఇరవై నిమిషాలైంది. పురుగుమందులు.

పద్మ: సరే. మిథైల్ పారాథియాన్ అనే పురుగుమందు తీసుకుందాం. దాన్ని కోసే ఎంజైము జన్యువు పేరు ఓపీడీ. ఫిలిప్పీన్స్ వరి పొలంలో దొరికిన బ్యాక్టీరియాలోనూ, అమెరికా మట్టిలో దొరికిన వేరే బ్యాక్టీరియాలోనూ దాదాపు అదే జన్యువు. రెండింట్లోనూ ప్లాస్మిడ్ మీదే, అంటే బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ మీదే, ఉంది.

రవి: అనంతపురం పొలాల మట్టిలోనూ ప్లాస్మిడ్ సాయంతో ఈ పని చేసే ఫ్లావోబ్యాక్టీరియం దొరికింది. ఈ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారేదన్నమాట.

పద్మ: అయితే అది కోసేది ఒక్క బంధాన్నే. కోశాక పారా నైట్రోఫినాల్ మిగులుతుంది, పసుపు రంగులో. అదీ విషమే.

రవి: ఆ పసుపునే 400 నానోమీటర్ల చుట్టూ కొలుస్తాం. పసుపు తగ్గుతూ పోతే ఆ అణువులోని కార్బన్ వలయం కూడా విరుగుతోందని...

పద్మ: తొందరపడకు. మీడియం పులిసి పీహెచ్ ఆరుకో ఐదుకో దిగితే ఆ పసుపు దానంతటదే వెలిసిపోతుంది. పదార్థం ఎక్కడికీ పోలేదు, రంగే పోయింది. కొలిచే ముందు ప్రతి నమూనాలో చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేసి పీహెచ్ పది దాటించు. అప్పటికీ పసుపు రాకపోతే, అప్పుడు మాట్లాడదాం.

రవి: నైట్రైట్ కూడా చూడొచ్చు. ఆ కార్బన్ వలయాన్ని తినేవి చాలావరకు దాన్ని తెంచకముందే నైట్రో గుంపును ఊడగొడతాయి. పోయిన ప్రతి అణువుకూ ఒక నైట్రైట్ బయటికి రావాలి.

పద్మ: అలా రెండు వైపుల నుంచీ లెక్క కుదరాలి. ఇక చంపిన ఫ్లాస్కు. మందు వేశాక ఆటోక్లేవ్ చేయకూడదు, వేడికే విరిగిపోతుంది. ముందు బ్యాక్టీరియాను చంపి, చల్లారాక మందు వెయ్యండి. పీహెచ్ తొమ్మిదికి ఎక్కితే బ్యాక్టీరియా లేకుండానే మెల్లగా పసుపు వస్తుంది. కొంత మందు గాజుకూ రబ్బరు బిరడాకూ అంటుకుంటుంది. చంపిన ఫ్లాస్కు లేకపోతే వీటన్నిటినీ బ్యాక్టీరియా గొప్పే అనుకుంటాం.

రవి: ఈసారి నవ్వను అక్కా. "తొంభై శాతం మందు పోయింది" అని చదివి ఎవరో ఆ బ్యాక్టీరియా పొడి కొని పొలంలో చల్లుతారు.

పద్మ: అదే నా బాధ. రైతు డబ్బు పెట్టి కొంటాడు. మట్టిలో ఇంకా ఉన్నదాన్ని లేదని ఎలా చెప్తాం?

రవి: మరి క్లోరోపైరిఫాస్ అనే ఇంకో పురుగుమందు?

పద్మ: ఓపీడీ ఎంజైము దాని మీద చాలా నెమ్మది. పైగా విరిగాక వచ్చే ట్రైక్లోరోపిరిడినాల్ బ్యాక్టీరియానే అణచేస్తుంది. కొత్త ఫ్లాస్కులోకి మొదటి మార్పిడిలో బాగానే పెరిగి, మూడోసారికి ఫ్లాస్కు తేటగా ఉండిపోతే కారణం అదే కావచ్చు. మందు మోతాదు తగ్గించి...

రవి: లీటరుకు ఎంత?

పద్మ: పది మిల్లీగ్రాములతో మొదలుపెట్టు. అసిటోన్‌లో కరిగించి ఖాళీ ఫ్లాస్కులో వెయ్యి, అసిటోన్ పూర్తిగా ఆరాకే మీడియం పొయ్యి. లేదంటే అసిటోన్ తినే...

రవి: అసిటోన్ తినే బ్యాక్టీరియా పెరుగుతుంది. మళ్ళీ ఈస్ట్ కథే.

పద్మ: అసిటోన్ మాత్రమే వేసి ఆరబెట్టిన ఫ్లాస్కు కూడా ఒకటి పెట్టు.

రవి: దానికో పేరు పెట్టాలి ఇక. ఫ్లాస్కుల్ని ఊపే మూడో షేకర్ ఆగిపోయినట్టుంది అక్కా, చప్పుడు లేదు.

పద్మ: అయ్యో, గాలి అందకపోతే... ఆపు, ఆపు, చూసొస్తా.