పాపకి క్లారినెట్ ఎక్కడ తీసుకున్నాం? షాపులో రిపేరు బల్ల ఉందో లేదో చూశాకే!

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఒక విషయం ముందే చెప్పేస్తాను. ఈ క్లారినెట్‌కి మొదటి మూడు నెలల అద్దె షాపు వాళ్లు తీసుకోలేదు, బదులుగా వీడియో చేయమన్నారు. ఏం చెప్పాలో వాళ్లు చెప్పలేదు, నేనూ ముందుగా చూపించలేదు. షాపు పేరు, అడ్రస్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను.

నా చేతిలో ఉన్నది యమహా వైసీఎల్-255. స్పెసిఫికేషన్లు మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, మళ్లీ చదవను. బాడీ ఏబీఎస్ ప్లాస్టిక్. చెక్కదైతే ఈ టెక్సస్ ఎండకీ, ఇంట్లో ఏసీకీ ఎక్కడ బీట కొడుతుందోనని టెన్షన్. దీంతో ఆ గొడవ లేదు. ఆరో తరగతిలో స్కూలు బ్యాండ్ మొదలుపెట్టే పిల్లకి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. వీడియో కాల్‌లో మా నాన్నగారు చూసి, "పెళ్లి బ్యాండులో వాయించేది ఇదే కదమ్మా!" అని ఎంత సంబరపడ్డారో! ఏ.కె.సి. నటరాజన్ గారు దీని మీద కర్ణాటక సంగీతం కచేరీలు చేసేవారని కూడా ఆయనే చెప్పారు. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, తాతయ్యకి పాప కచేరీ.

సరే, అసలు విషయానికి వద్దాం. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి తెలుసు, చాలా స్కూళ్లలో పిల్లలు ఐదో తరగతిలో ఉండగానే బ్యాండ్ డైరెక్టర్లు పిలిచి, ఏ వాయిద్యం నప్పుతుందో ఊదించి చూస్తారు. తర్వాత ఏ బ్రాండ్లు కొనొచ్చో రాసి ఒక కాగితం ఇంటికి పంపిస్తారు. అది రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "ఆన్‌లైన్‌లో చవగ్గా కొత్తదే వస్తుంటే నెలనెలా అద్దె ఎందుకండీ?"

ఎందుకో చెప్తాను. పేరూ ఊరూ లేని ఆ చవక వాయిద్యాల్లో చాలావాటికి కీలు, అంటే వేళ్లతో నొక్కే మీటలు, మెత్తటి లోహంతో చేస్తారు. పిల్లలు కాస్త గట్టిగా పట్టుకుంటే వంగుతాయి, సరిచేయబోతే విరుగుతాయి. విడిభాగాలు దొరకవు. చాలామంది టెక్నీషియన్లు వాటిని చేత్తో ముట్టుకోరు కూడా. పిల్ల మాత్రం తనకే రావట్లేదు అనుకుని ఏడుస్తుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మంచి బ్రాండ్ తీసుకున్నా షాపు సరిగ్గా లేకపోతే అదే గతి. మా పెద్దవాడి ట్రంపెట్ ఒక పెద్ద స్టోర్‌లో అద్దెకు తీసుకున్నాం. ఒకరోజు మధ్య వాల్వ్ ఇరుక్కుపోయింది. తీసుకెళ్తే కౌంటర్‌లో అబ్బాయి ఫారం నింపి, వేరే ఊళ్లో ఉన్న వర్క్‌షాప్‌కి పంపుతామన్నాడు. అప్పటిదాకా వాయించడానికి ఇంకోటి ఇవ్వమంటే లేదన్నాడు. ఎదురుగా గోడ నిండా ట్రంపెట్లే! కాన్సర్ట్ దగ్గర పడుతుంటే వాడు క్లాసులో ఖాళీ చేతులతో కూర్చున్నాడు. నెలనెలా కట్టిన మెయింటెనెన్స్ ఫీజు దేనికండీ మరి?

అందుకే ఈసారి షాపులోకి వెళ్లగానే రేట్లు అడగలేదు, "రిపేర్లు ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు?" అని అడిగాను. కౌంటర్ వెనకే బల్ల చూపించారు. స్కూలు పేర్లు రాసిన చీటీలు కట్టిన కేసులు, చిన్న దీపం, బల్ల ముందు ఒక పెద్దాయన.

తీసుకున్న కొన్నాళ్లకే ఈ క్లారినెట్ కీచుమనడం మొదలుపెట్టింది. ఊదే చోట బిగించే పల్చటి పుల్ల, అదే రీడ్, మార్చినా అంతే. పట్టుకెళ్తే ఆయన సన్నటి కాగితం ముక్క ప్యాడ్ కింద, అంటే రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ల కింద పెట్టి, కీ మూసి మెల్లగా లాగారు. చుట్టూ పట్టుకుంది, ఒక్క పక్క మాత్రం జారిపోయింది. "గాలి పోయేది ఇక్కడే" అని పాప చేత కూడా లాగించి చూపించారు. కీ కప్పుని కాస్త వేడి చేసి ప్యాడ్‌ని సరిగ్గా కూర్చోబెట్టారు. తర్వాత పైముక్కనీ కిందిముక్కనీ కలిపే బ్రిడ్జ్ కీ చూపించారు. ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. బిగించేటప్పుడు పైముక్క మీద ఈ రింగులు నొక్కి పట్టాలి, అప్పుడే బ్రిడ్జ్ పైకి లేస్తుంది. నొక్కకుండా తిప్పితే రెండూ గుద్దుకుని వంగిపోతాయి. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఎక్కువగా పాడుచేసేది దీన్నేనట. పైసా అడగలేదు, అక్కడికక్కడే ఇచ్చేశారు. నేను ఆ షాపుకి ఫ్యాన్ అయిపోయింది అప్పుడే.

మీ ఊళ్లో ఇలాంటివాళ్లు ఎవరున్నారో తెలియకపోతే బ్యాండ్ డైరెక్టర్‌ని అడగండి. వారం వారం స్కూల్‌కి వచ్చి రిపేర్లు పట్టుకెళ్లే షాపు ఏదో ఆయనకి తెలుస్తుంది. బ్యాండ్ వాయిద్యాలు బాగుచేసేవాళ్లకి నాప్‌బిర్ట్ అని 1976లో పెట్టిన సంఘం కూడా ఉంది, వాళ్ల సభ్యులు ఎవరైనా దగ్గర్లో ఉన్నారేమో వెతకండి. ట్యూబా, బసూన్ లాంటి పెద్దవి చాలావరకు స్కూలే ఇస్తుంది, ముందు అది కనుక్కోండి.

ఈ షాపులో నచ్చనిది కూడా ఒకటుంది. అద్దె కాగితాలు. కట్టిన అద్దెలో ఎంత కొనుగోలు కింద జమవుతుంది, రేపు పై మోడల్‌కి మారితే ఆ జమ పనికొస్తుందా, పోగొట్టుకుంటే ఎవరు కట్టాలి అన్నవన్నీ చిన్న అక్షరాల్లో రాశారు. నేను ఒక్కొక్కటీ అడిగి, జవాబులు ఈమెయిల్‌లో రాయించుకున్నాకే సంతకం పెట్టాను. మీరూ రాయించుకోండి, మొహమాటపడకండి.

ఫ్రీ నెలలు అయిపోయాక కూడా ఇక్కడే కొనసాగిస్తాను, డబ్బులు కట్టే. పెద్దవాడి ట్రంపెట్ కూడా ఇక్కడికే మార్చేస్తున్నాను.