నెమానిచ్ వంశం: గోడ మీద పాకిన ద్రాక్షతీగ

(తెర మీద: దెచాని మఠంలో ఒక గోడ. కెమెరా కింది నుంచి పైకి మెల్లగా కదులుతుంది.)

ఈ గోడని కాస్త తీరిగ్గా చూడండి. అడుగున ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన దగ్గర మొదలైన తీగ ఒకటి పైకి పాకుతోంది. తీగ చుట్ట తిరిగిన చోటల్లా ఒక మనిషి నిలబడ్డాడు. రాజులు, రాణులు, మతగురువులు, అందరూ ఒకే ఇంటివాళ్లు, మధ్యయుగాల్లో సెర్బియాని ఏలిన నెమానిచ్ వంశం వాళ్లు. అన్నిటికన్నా పైన ఉన్నవాడు దుషాన్ చక్రవర్తి.

ఈ బొమ్మ పేరు ‘లోజా నెమానిచా’. సెర్బియా భాషలో లోజా అంటే ద్రాక్షతీగ. మనం వంశవృక్షం అంటాం, వాళ్లు వంశాన్ని తీగలా గీసుకున్నారు. ఈ ఊహ వాళ్లకి బైబిల్ నుంచి వచ్చింది. దావీదు రాజు తండ్రి యెష్షయి మొద్దు నుంచి చిగురు పుట్టి, ఆ వంశంలో దావీదు, చివరికి క్రీస్తు వస్తారని చర్చి గోడల మీద ఎప్పటి నుంచో చిత్రిస్తున్నారు. సెర్బియా రాజులు ఆ చెట్టు స్థానంలో తమ ఇంటిని పెట్టుకున్నారు. దేవుడి వంశాన్ని ఎలా గీస్తారో మమ్మల్నీ అలాగే గీయండి అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

గోడ మీద ఆ తీగ ఎక్కడా తెగలేదు. కానీ ఆ ఇంటి చరిత్ర చదివితే దాదాపు ప్రతి తరంలోనూ దాని మీద కత్తి పడింది. తమ్ముడు అన్నని దించాడు, కొడుకు తండ్రిని దించాడు, తండ్రి కొడుకు కళ్లు పొడిపించాడు. ఇవాళ ఆ తీగ పట్టుకుని కింది నుంచి పైకి వెళదాం.

(తెర మీద: మ్యాప్. ఇప్పటి సెర్బియా, మాంటెనెగ్రో, కొసొవో, ఉత్తర మాసిడోనియా.)

అడుగున ఉన్న పెద్దాయన స్తెఫాన్ నెమాన్యా. ఇప్పటి మాంటెనెగ్రో రాజధాని పోద్గోరిత్సా దగ్గర, రిబ్నిత్సా అనే చోట పుట్టాడు. అక్కడ లాటిన్ క్రైస్తవుల (రోమ్ చర్చి) పద్ధతిలో బాప్తిస్మం ఇచ్చారు. తర్వాత రాస్ అనే చోట ఆర్థడాక్స్ (తూర్పు చర్చి) పద్ధతిలో రెండోసారి ఇచ్చారు. రోమ్ ఒక వైపు, కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) ఇంకో వైపు లాగుతున్న నేల అది. ఆ లాగుడు ఆయన పసితనంలోనే మొదలైపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నెమాన్యాకి ముగ్గురు అన్నదమ్ములు: తిహోమిర్, స్త్రాసిమిర్, మిరోస్లావ్. పెద్దవాడు తిహోమిర్‌దే పెద్దరికం. నెమాన్యా తమని అడక్కుండా చర్చి కట్టించాడని అన్నదమ్ములు కోపం తెచ్చుకుని గుహలో బంధించారని, బయటపడితే సెయింట్ జార్జ్‌కి గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడని కథనం. బయటపడ్డాడు, గుడీ కట్టించాడు. 1166 తర్వాత పాంతినో దగ్గర అన్నతో యుద్ధం జరిగింది. తిహోమిర్ సిట్నిత్సా నదిలో మునిగి చనిపోయాడు. తీగ మొదలే అన్న శవం మీద మొలిచింది.

ఇక 1172. నాకు ఈ వంశ చరిత్రంతటిలో మర్చిపోలేని దృశ్యం ఇదే. కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలే బైజాంటిన్ (తూర్పు రోమన్) చక్రవర్తి మనుయేల్ సైన్యంతో వచ్చేసరికి నెమాన్యా గెలవలేనని గ్రహించాడు. తల మీద ఏమీ లేకుండా, కాళ్లకి చెప్పుల్లేకుండా, మోచేతుల దాకా చేతులు బయటపెట్టి, మెడలో తాడు వేసుకుని, చేతిలో కత్తితో చక్రవర్తి ముందుకి నడిచి వచ్చాడు. మీ ఇష్టం, చంపితే చంపండి అని దాని అర్థం. మనుయేల్ చంపలేదు. విజయోత్సవంలో నలుగురికీ చూపించడానికి కాన్‌స్టాంటినోపుల్ తీసుకెళ్లాడు.

అక్కడ భవనాల గోడల మీద చక్రవర్తి విజయాల బొమ్మలున్నాయి. వాటిలో నెమాన్యా ఓడిపోయిన బొమ్మలూ ఉన్నాయి. ఆయన్ని వాటి ముందు నిలబెట్టారు. యూస్టాథియస్ అనే పండితుడు ఆ రోజుల్లోనే చేసిన ప్రసంగంలో ఈ సంగతి చెప్పాడు. పొడుగాటి మనిషి, ఒక్కో బొమ్మా చూస్తూ, అవును ఇలాగే జరిగింది అన్నట్టు తల ఊపుతున్నాడట.

తన ఓటమిని పరాయివాళ్లు గోడ మీద గీస్తే నిలబడి చూసిన మనిషి ఆయన. దాదాపు 175 ఏళ్ల తర్వాత అదే మనిషిని సొంత వారసులు గోడ మీద తీగకి వేరుగా గీయించారు. బొమ్మకి ఎంత బలముందో ఆ ఇంట్లో అందరికన్నా ముందు తెలుసుకున్నది నెమాన్యానేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

(తెర మీద: స్తుదెనిత్సా మఠం, తెల్లని పాలరాతి గోడలు.)

1180లో మనుయేల్ పోయాడు. నెమాన్యా ఇక ఆగలేదు, చుట్టుపక్కల నేలంతా కలుపుకుంటూ పోయాడు. 1189లో జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా క్రూసేడ్ సైన్యంతో ఈ దారినే వెళుతుంటే నిష్‌లో ఎదురెళ్లి స్వాగతం చెప్పాడు. 1190లో మొరావా నది దగ్గర బైజాంటిన్ సైన్యం చేతిలో ఓడిపోయాడు. అయినా ఆ ఓటమి తర్వాత కుదిరిన సంధిలోనే చక్రవర్తి అన్న కూతురు యుదోకియాని తన రెండో కొడుక్కి చేసుకుని కోడలిగా తెచ్చుకున్నాడు. ఓడిపోయి కూడా వియ్యం అందుకున్నాడు!

ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వుకాన్, రెండోవాడు స్తెఫాన్, చిన్నవాడు రాస్త్కో. మూడోవాడి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి.

రాస్త్కోకి అప్పటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. ఇంట్లోంచి పారిపోయి గ్రీసులో సన్యాసుల మఠాలుండే అథోస్ పర్వతం చేరాడు. వెనక్కి తీసుకురమ్మని తండ్రి మనుషుల్ని పంపాడు. రాస్త్కో జీవితకథలు చెప్పేదేమిటంటే, ఆ రాత్రి జాగారం ప్రార్థనలు సాగుతూనే ఉన్నాయి, వచ్చిన సైనికులు అలసిపోయి కునుకు తీశారు. ఈలోగా కుర్రాడు బురుజు ఎక్కి సన్యాసం పుచ్చుకున్నాడు. తెల్లారాక రాజకుమారుడి బట్టలు, కత్తిరించిన జుట్టు పైనుంచి కిందికి విసిరి, ఇవి మా నాన్నకి ఇవ్వండి అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు సావా.

1196లో నెమాన్యా తనంతట తానే సింహాసనం దిగాడు. పెద్దకొడుకుని కాదని, బైజాంటిన్ అల్లుడైన రెండోకొడుక్కి అప్పగించాడు. సిమియోన్ అనే పేరుతో సన్యాసి అయ్యి, చిన్నకొడుకు దగ్గరికి అథోస్ వెళ్లిపోయాడు. 1198లో చక్రవర్తి అనుమతితో తండ్రీకొడుకులు అక్కడ హిలందార్ మఠాన్ని నిలబెట్టారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నెమాన్యా కన్నుమూశాడు. చివరి గడియల్లో నన్ను చాప మీద పడుకోబెట్టి తల కింద రాయి పెట్టమని అడిగాడని సావా స్వయంగా రాశాడు.

ఇక్కడ ఇద్దరన్నదమ్ములు కొట్టుకున్నారు. సింహాసనం దక్కని వుకాన్ 1202లో హంగరీ సాయంతో తమ్ముణ్ణి తరిమేశాడు. రెండేళ్లలో తమ్ముడు తిరిగొచ్చాడు. ఊళ్లు నాశనమయ్యాయి. అప్పుడు సావా ఏం చేశాడో చూడండి. 1207 ప్రాంతంలో తండ్రి పార్థివ దేహాన్ని అథోస్ నుంచి మోసుకొచ్చి స్తుదెనిత్సాలో ఉంచి, ఆ సమాధి దగ్గర అన్నలిద్దరినీ కలిపాడు. అప్పటికే నెమాన్యాని పరిశుద్ధుడిగా కొలుస్తున్నారు, సమాధి నుంచి సుగంధ తైలం ఊరుతోందని నమ్ముతున్నారు. తండ్రి జీవితకథని సావా రాశాడు, స్తెఫాన్ కూడా రాశాడు. రాజ్యం కత్తితో వచ్చిందన్నది ఊరందరికీ తెలుసు. అది పుణ్యంతో వచ్చిందని రాసిపెట్టింది ఆ ఇద్దరు కొడుకులు. గోడ మీద తీగని రంగుల్లో గీయడానికి వందేళ్ల ముందే వీళ్లు దాన్ని అక్షరాల్లో నాటేశారు.

మొదట్లో గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇప్పుడు. 1217లో స్తెఫాన్ రోమ్‌లోని పోప్ నుంచి కిరీటం తెప్పించుకున్నాడు. అందుకే ఆయన్ని ‘ప్ర్వోవెన్చాని’ అంటారు, అంటే మొదట కిరీటం పెట్టుకున్నవాడు. రెండేళ్లకి, 1219లో, సావా ఆర్థడాక్స్ చర్చి పెద్ద, అంటే పాట్రియార్క్, ఉన్న నికయాకి వెళ్లి సెర్బియాకి స్వతంత్ర చర్చి తెచ్చాడు, తానే మొదటి ఆర్చిబిషప్ అయ్యాడు. అన్న పడమటి నుంచి కిరీటం, తమ్ముడు తూర్పు నుంచి చర్చి. ఒక్క ఇంట్లో రాజూ వాళ్లే, మతపెద్దా వాళ్లే. ఈ వంశం 200 ఏళ్లు నిలబడిందంటే అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

అన్నట్టు, ఇక్కడి నుంచి పేర్లతో కన్‌ఫ్యూజ్ అవ్వకండి. ఈ వంశంలో గద్దెనెక్కిన ప్రతివాడూ పేరు ముందు స్తెఫాన్ అని పెట్టుకుంటాడు. గ్రీకులో స్తెఫానోస్ అంటే కిరీటం.

(తెర మీద: వెండి నాణేలు.)

స్తెఫాన్ కొడుకుల్లో ముగ్గురు వరసగా ఏలారు. రాదోస్లావ్‌ని వ్లాదిస్లావ్ దించాడు, వ్లాదిస్లావ్‌ని ఉరోష్ దించాడు. ఉరోష్ 1243 నుంచి 1276 దాకా ఉన్నాడు. జర్మన్ నేలల నుంచి సాక్సన్ గని పనివాళ్లని రప్పించి వెండి తవ్వించాడు. రాజ్యానికి డబ్బు అప్పుడొచ్చింది. అచ్చం వెనిస్ నాణేల్లా కనిపించే నాణేలు కొట్టిస్తున్నారని వెనిస్‌కి ఒళ్లు మండి, వాటిని తీసుకోవద్దని తన అధికారులకి ఉత్తర్వులిచ్చింది. ఉరోష్‌ని కొడుకు ద్రగుతిన్ దించాడు. ద్రగుతిన్ గుర్రం మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని, 1282లో తమ్ముడు మిలుతిన్‌కి గద్దె అప్పగించాడు. తర్వాత మళ్లీ ఇద్దరికీ ఏళ్ల తరబడి యుద్ధమే.

మిలుతిన్ దగ్గర ఆగాలి.

(తెర మీద: గ్రాచానిత్సా చర్చి. సిమోనిదా చిత్రం, కళ్లు గీకేసి ఉన్నాయి.)

మిలుతిన్ స్కోప్యే పట్టుకుని దక్షిణానికి విస్తరించాడు. సంధి కోసం 1299లో బైజాంటిన్ చక్రవర్తి అంద్రోనికోస్ తన కూతురు సిమోనిదాని ఇచ్చి పెళ్లి చేశాడు. మిలుతిన్‌కి నలభై దాటాయి. ఆ పిల్లకి ఐదేళ్లు.

కాన్‌స్టాంటినోపుల్ చర్చి పెద్దలే ఈ పెళ్లిని తప్పుపట్టారు. పెద్దయ్యాక సిమోనిదా తల్లి అంత్యక్రియలకి పుట్టింటి వైపు వెళ్లింది. తిరుగు దారిలో సెరెస్ అనే ఊళ్లో సన్యాసిని బట్టలు కట్టేసుకుంది, వెనక్కి వెళ్లకూడదని. వెంట ఉన్న అన్నే, అంటే తండ్రి మొదటి భార్య కొడుకు, ఆ బట్టలు చింపి, మళ్లీ సెర్బియా మనుషులకి అప్పగించాడు. 1321లో మిలుతిన్ చనిపోయాకే ఆమె కాన్‌స్టాంటినోపుల్ వెళ్లి నిజంగా సన్యాసిని కాగలిగింది.

గ్రాచానిత్సా గోడ మీద ఆమె నిండైన రాణి దుస్తుల్లో, కిరీటంతో ఉంటుంది. కళ్లు మాత్రం లేవు. తర్వాతి కాలంలో ఎవరో గీకేశారు. ఆ చర్చిలోనే మనకి తెలిసినంతలో మొట్టమొదటి వంశలత ఉంది. దాని పైభాగాన మిలుతిన్‌ని క్రీస్తు దీవిస్తుంటాడు. ఒకే గుడిలో ఆ తీగ, ఈ కళ్లు. ఫోటో జూమ్ చేసి చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

1314లో కొడుకు స్తెఫాన్ తిరగబడితే మిలుతిన్ కళ్లు పొడిపించి, పిల్లలతో సహా కాన్‌స్టాంటినోపుల్‌కి పంపేశాడు. ఏడేళ్లు ఆ కొడుకు కళ్లకి గుడ్డ కట్టుకునే బతికాడు. తండ్రి చనిపోగానే గుడ్డ విప్పి, సెయింట్ నికోలస్ నా చూపు తిరిగిచ్చాడన్నాడు. కళ్లు పొడిచినవాళ్లు జాలితో పూర్తిగా పొడవలేదేమో. జనం మాత్రం అద్భుతమనే నమ్మారు. 1322లో పట్టాభిషేకం జరిగింది. 1330 జులై 28న వెల్బుజ్ద్ దగ్గర బల్గేరియా సైన్యాన్ని చిత్తు చేశాడు. దెచాని మఠం మొదలుపెట్టింది ఈయనే. కొతోర్ ఊరి ఫ్రాన్సిస్కన్ సన్యాసి వీటా దానికి స్థపతి. ఆ మఠం పేరుతోనే ఈయన స్తెఫాన్ దెచాన్‌స్కి అయ్యాడు.

యుద్ధం గెలిచిన మరుసటి ఏడాదే కొడుకు దుషాన్ ఈయన్ని దించి జ్వెచాన్ కోటలో పెట్టాడు. 1331 నవంబర్‌లో అక్కడే చనిపోయాడు. గొంతు నులిమారని అప్పటి నుంచీ చెప్పుకుంటున్నారు.

(తెర మీద: మళ్లీ దెచాని గోడ.)

ఇప్పుడు మొదట చూసిన బొమ్మ దగ్గరికి వచ్చాం. ఈ గుడి మొదలుపెట్టింది తండ్రి. దాన్ని పూర్తి చేయించి, 1340ల్లో ఈ రంగులన్నీ వేయించింది, ఆ తండ్రిని దించిన కొడుకే. తండ్రిని పరిశుద్ధుడిగా నిలిపి, అదే గుడిలో ఉంచి, అదే గుడి గోడ మీద తీగ చివర దుషాన్ నిలబడ్డాడు. ఈ బొమ్మలో తెగిన చోటు కోసం వెతకండి. కనిపించదు. అంత నేర్పుగా అతికించారు.

దుషాన్ చిన్నవాడేం కాదు. మాసిడోనియా, అల్బేనియా, గ్రీసులో ఎపిరస్, థెస్సలీ దాకా గెలిచాడు. 1346 ఏప్రిల్ 16న, ఈస్టర్ రోజున, స్కోప్యేలో సెర్బులకీ గ్రీకులకీ చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు. 1349లో ఒకసారి, 1354లో మరోసారి చట్టాల సంహిత ప్రకటించాడు. అందులో ఒక నిబంధన చదివితే ఆశ్చర్యమేస్తుంది: చక్రవర్తి కోపంతోనో, ప్రేమతోనో, దయతోనో ఎవరి కోసమైనా చట్టానికి విరుద్ధంగా ఉత్తరం రాస్తే, న్యాయాధికారులు దాన్ని నమ్మకూడదు, చట్టం ప్రకారమే తీర్పు చెప్పాలి. తండ్రిని దించి వచ్చిన మనిషే తన సొంత మాటకి కూడా కళ్లెం వేసుకున్నాడు.

1355 డిసెంబర్‌లో దుషాన్ పోయాడు. కొడుకు ఉరోష్ మెతకవాడు. సామంతులు ఎవరి ముక్క వాళ్లు తీసుకున్నారు. 1371 సెప్టెంబర్ 26న మరిత్సా నది దగ్గర ఆ సామంతుల్లో పెద్దవాళ్లు ఒట్టోమాన్ తురుష్కుల చేతిలో చచ్చిపోయారు. ఆ డిసెంబర్‌లో ఉరోష్ పిల్లల్లేకుండా కన్నుమూశాడు. గద్దె మీద తీగ అక్కడితో ఆగింది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పట్టుకుని వేలాడారు. బోస్నియా పాలకుడు త్వర్త్‌కో మా నాయనమ్మ ద్రగుతిన్ కూతురని చెప్పి 1377లో రాజయ్యాడు. 1389లో కొసొవో యుద్ధంలో చనిపోయిన లాజర్‌కి భార్య మిలిత్సా తరఫున వుకాన్ శాఖతో చుట్టరికం.

దుషాన్ తమ్ముడి శాఖ ఒకటి థెస్సలీలో మిగిలింది. అందులో చివరివాడు యోవన్ ఉరోష్. 1370ల్లో కొన్నేళ్లు ఏలి, అధికారం వదిలేసి, మెతేఒరాలో ఆ నిలువు రాతి స్తంభాల మీదికెక్కి సన్యాసి అయిపోయాడు. పేరు యోవాసాఫ్. అచ్చం నెమాన్యాలాగే.

(తెర మీద: హిలందార్ మఠం, రాతి గోడ బయట ద్రాక్షతీగ.)

హిలందార్‌లో నెమాన్యా ఖాళీ సమాధి దగ్గర గోడలోంచి ఒక ద్రాక్షతీగ పాకింది. ఇది బొమ్మ కాదు, నిజం తీగ. ఆయన శరీరాన్ని తీసుకెళ్లాక అక్కడ మొలిచిందని నమ్మకం. ఏటా కాయలు కాస్తుంది. పిల్లల్లేని దంపతులు అడిగితే సన్యాసులు ఆ ఎండు ద్రాక్ష పంపుతారు, ఉపవాసం ఉండి తినమంటారు. పిల్లల్లేక ఆగిపోయిన ఇంటి పెద్ద సమాధి దగ్గరి నుంచి ఆ ద్రాక్ష ఇప్పటికీ ఊళ్లకి వెళుతూనే ఉంది.