ఫ్రీడా కాలో: అద్దం పక్కన పెట్టి గీసిన బొమ్మలు

మిత్రులందరికీ నమస్కారం.

మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో అనగానే కలిసిపోయిన కనుబొమలు, తలలో పూలు, సూటిగా మన వైపే చూసే కళ్లు గుర్తొస్తాయి. ఆ ముఖం ఇప్పుడు చేతిసంచుల మీదా, కాఫీ కప్పుల మీదా కూడా కనబడుతోంది. ఆమె వేసిన చిత్రాల్లో దాదాపు మూడో వంతు స్వీయచిత్రాలే కాబట్టి అందులో వింతేమీ లేదు. అయితే ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆమె చుట్టూ ఉన్నవాళ్ల గురించి. నాన్న, అమ్మ, తాతలు, అవ్వలు, పాలిచ్చిన దాది, ఆమె మెచ్చిన పెద్దలు. వీళ్లని గీసినప్పుడు ఫ్రీడా పట్టించుకున్నది పోలిక ఒక్కటే కాదు. ఈ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఎవరెవరితో ముడిపడి ఉన్నాడు అని వెతికింది. నాకు ఆమె మీద ఇంత గౌరవం కలగడానికి కారణం ఆ వెతుకులాటే.

నాన్న గియెర్మో కాలోతో మొదలుపెడతాను. ఆయన జర్మనీలో పుట్టాడు, అసలు పేరు విల్హెల్మ్. 1891లో మెక్సికో వచ్చి స్థిరపడ్డాడు. వృత్తి ఫోటోగ్రఫీ. మెక్సికో స్వాతంత్ర్య పోరాటానికి వందేళ్లు నిండే సందర్భం కోసం ప్రభుత్వం ఆయన చేత దేశంలోని పాత చర్చిలు, కట్టడాల ఫోటోలు తీయించింది. ఆయనకి మూర్ఛ వ్యాధి ఉండేది. ఫోటోలు తీయడానికి వెళ్తూ చిన్న ఫ్రీడాని వెంట తీసుకెళ్లేవాడు. దారిలో మూర్ఛ వస్తే ఆ పిల్లే ఆయన్ని చూసుకునేది, కెమెరా ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాసేది. స్టూడియోలో ఫోటోలకి టచింగ్ చేయడం, సన్నటి బ్రష్‌తో రంగులు అద్దడం ఆయనే నేర్పాడు. ఫ్రీడా చిత్రాల్లో వెంట్రుక వెంట్రుకనీ విడివిడిగా గీసే ఓపిక కనిపిస్తుంది కదా, దానికి తొలి బడి ఆ స్టూడియోనే అని నా నమ్మకం.

1925 సెప్టెంబర్‌లో ఆమె ఎక్కిన బస్సుని ట్రామ్ గుద్దిన సంగతి మీలో చాలామందికి తెలుసు. అప్పటికి ఆమెకి 18 ఏళ్లు. ఆ దెబ్బలతో ఆమె మంచం పట్టింది. మంచం మీద పడుకునే గీసుకోవడానికి వీలుగా అమ్మ ఒక ఈజిల్, అంటే బొమ్మని నిలబెట్టే చట్రం, చేయించింది. తన ముఖం తానే చూసి గీసుకోవడానికి మంచం పైన అద్దం బిగించారు. రంగుల పెట్టె మాత్రం నాన్నది. అద్దం గురించే అందరూ చెబుతారు, అది నిజమే. కానీ ఆ తొలి రోజుల్లోనే ఆమె అక్క అడ్రియానాని, చెల్లెలు క్రిస్టినాని, స్నేహితుల్ని కూడా గీసింది. మొదటి నుంచీ ఆమె గదిలో ఇతరులకీ చోటుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సిన చిత్రం దగ్గరికి వద్దాం. పేరు 'మా తాతలు, అమ్మానాన్నలు, నేను'. 1936లో వేసింది. ఇప్పుడు న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. రేకు మీద గీసిన చిన్న చిత్రం, ఒక్కో వైపు అడుగు పైచిలుకు ఉంటుంది, అంతే. అప్పట్లో మెక్సికో నగరం శివార్లలో ఉన్న కొయొవాకాన్‌లో ఆమె పుట్టి పెరిగిన నీలి ఇల్లు ఇందులో ఉంది. ఆ ఇంటి పెరట్లో రెండు మూడేళ్ల ఫ్రీడా బట్టల్లేకుండా నిలబడి ఉంటుంది. చేతిలో ఒక ఎర్ర రిబ్బన్. అది పైకి వెళ్లి అమ్మానాన్నల్ని చుట్టుకుని, అక్కణ్ణుంచి ఇటు ఒక జంటకీ అటు ఒక జంటకీ చేరుతుంది. అమ్మ వైపు తాత, అవ్వ మెక్సికో కొండల మీద. నాన్న వైపు వాళ్లు సముద్రం మీద, ఎందుకంటే వాళ్లది సముద్రం అవతలి దేశం. అమ్మ తండ్రి మెక్సికో మూలవాసి సంతతివాడు, ఆయనా ఫోటోగ్రాఫరే. అమ్మానాన్నలు తమ పెళ్లి ఫోటోలో ఉన్నట్టే ఉంటారు. కానీ అమ్మ తెల్ల గౌను మీద గర్భంలోని శిశువు కనిపిస్తుంది, దాని బొడ్డుతాడుతో సహా. పెళ్లి ఫోటోలో ఆ శిశువు ఉండదు. ఫోటోగ్రాఫర్ కూతురు ఫోటోని తీసుకుని, కెమెరాకి అందని దాన్ని అందులో చేర్చింది. ఈ ఒక్క వివరం కోసం ఆ బొమ్మ ముందు ఎంతసేపైనా నిలబడవచ్చు.

రేకు మీద ఎందుకు గీసిందో కూడా చెప్పాలి. మెక్సికోలో ఆపద గట్టెక్కినవాళ్లు చర్చిలో మొక్కుబడి పటం సమర్పిస్తారు. చిన్న రేకు మీద ఆ ఆపద దృశ్యం, పైన కాపాడిన దేవత, కింద జరిగిందేమిటో చెప్పే నాలుగు వాక్యాలు. వాటిని గీసేవాళ్లు ఎక్కువగా పేరు లేని పల్లె చిత్రకారులు. ఫ్రీడా, ఆమె భర్త డియెగో రివేరా అలాంటివి ఎన్నో సేకరించారు. డియెగో పెద్ద పెద్ద గోడల మీద దేశ చరిత్రని గీస్తుంటే, ఆమె ఈ రేకు ముక్కల మీద తన ఇంటి చరిత్ర రాసుకుంది.

ఆ తర్వాతి ఏడాదే 'నా దాది, నేను' వేసింది. ఫ్రీడా పుట్టిన ఏడాదిలోపే చెల్లెలు పుట్టింది. దాంతో ఈమెకి పాలివ్వడానికి ఒక మూలవాసి స్త్రీని పెట్టారు. ఆ వయసు జ్ఞాపకం ఎవరికి మాత్రం ఉంటుంది? దాది ముఖం గుర్తులేదు కాబట్టి ముఖం ఉండాల్సిన చోట ప్రాచీన మెక్సికో రాతి ముసుగు పెట్టింది. ఒళ్లో ఉన్నది పసిపాప ఒళ్లు, తల మాత్రం పెద్దయిన ఫ్రీడాది. ఆకాశం నుంచి కురుస్తున్నది పాలవాన. బాల్యాన్ని గీసేవాళ్లు ఎక్కువగా ముద్దుగా గీస్తారు. ఇందులో ముద్దు లేదు. తల్లి ఒడికి దూరమైన దిగులుంది, ఒక ప్రాచీన జాతి పాలు తాగాననే గర్వమూ ఉంది. రెంటినీ ఒకే చోట ఉంచగలిగింది, ఏ ఒక్కటీ రెండోదాన్ని మింగేయకుండా.

పేరున్నవాళ్లని గీసినా ఆమె చూపు ఇదే. లూథర్ బర్బాంక్ కాలిఫోర్నియాలో కొత్త రకాల మొక్కలు, పండ్లు సృష్టించిన మనిషి. 1926లో చనిపోతే ఆయన ఇంటి ఆవరణలోనే చెట్టు కింద పూడ్చిపెట్టారు. 1931లో ఫ్రీడా ఆయన బొమ్మ వేసింది. అందులో నడుము పైన సూటు వేసుకున్న పెద్దమనిషి, కింద చెట్టు మొదలు, ఆ మొదలు వేళ్లు భూమిలో ఉన్న ఆయన శవంలోకే దిగుతాయి. ఇంతకంటే గొప్ప నివాళి నేను చూడలేదు.

1945లో వేసిన 'మోజెస్' మాత్రం కిక్కిరిసిన చిత్రం. మధ్యలో శిశువు పుట్టుక, రెండు పక్కలా దేవుళ్లు, మహాపురుషులు, నియంతలు, కింద జనసందోహం. మార్క్స్, ఫ్రాయిడ్‌లతో పాటు మన గాంధీ కూడా అందులో ఉన్నాడు. మీకు చూపించే స్లైడులో ఆయన్ని వెతికి పట్టుకోండి. నిజం చెప్పాలంటే ఇంతమందిని చూస్తుంటే నాకు ఊపిరాడదు. ఒక్క మనిషి దగ్గర ఆగినప్పుడే ఫ్రీడా బలం పూర్తిగా తెలుస్తుంది.

అందుకే మళ్లీ నాన్న దగ్గరికి. ఆయన 1941లో పోయాడు. పదేళ్ల తర్వాత, తన ఆరోగ్యం బాగా దెబ్బతిన్న రోజుల్లో, ఆమె ఆయన బొమ్మ వేసింది. పక్కన ఆయన కెమెరా. కింద మొక్కుబడి పటంలో లాగే ఒక రాత. ఆయన ఉదారుడనీ, తెలివైనవాడనీ, అరవై ఏళ్లు మూర్ఛతో బాధపడినా పని మానలేదనీ, హిట్లర్‌ని ఎదిరించాడనీ ఉంటుంది అందులో. ఆయన వంశం హంగరీ నుంచి వచ్చిందని కూడా ఆ రాతలో ఉంది. ఆ మాట నిజం కాదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. నాకు మాత్రం అరవై ఏళ్లు పని మానలేదన్న వాక్యం దగ్గరే చూపు ఆగిపోతుంది. జబ్బుపడిన కూతురు జబ్బుపడిన తండ్రి గురించి రాసిన మాట అది.

చివరగా, ఆమె పూర్తి చేయని కుటుంబ చిత్రం ఒకటుంది. జీవితం చివరి ఏళ్లలో చేపట్టింది. 1936 నాటి చిత్రంలో అక్కలకీ చెల్లెలికీ చోటివ్వలేదు, పిల్లగా తనొక్కతే ఉంది. ఇందులో వాళ్లున్నారు. 1954లో ఆమె పోయేనాటికి ఆ పని అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఈ రెండు చిత్రాల్నీ పక్కపక్కనే తెర మీద వేస్తాం. ముందు ఎర్ర రిబ్బన్‌ని కింది నుంచి పైకి చూసుకుంటూ వెళ్లండి, తర్వాత రెండోదానికి రండి. చూసి మీకేమనిపించిందో చెప్పండి, అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.