ఆరు అక్షరాలు, ఒక న్యూక్లియోజోమ్: ఈస్ట్‌లో ఫో5 జన్యువు

నమస్కారం. డీఎన్ఏ క్రమంలోని లక్షణాలు జన్యువు అనులేఖనాన్ని, అంటే జన్యువు నుంచి ఆర్ఎన్ఏ నకలు తయారయ్యే ట్రాన్‌స్క్రిప్షన్‌ను, ఎలా ప్రభావితం చేస్తాయో ఈ వీడియోలో ప్రధానంగా ఒక్క జన్యువును తీసుకొని పరిశీలిద్దాం. రొట్టెల తయారీలో వాడే సాక్రోమైసిస్ సెరివిసియే అనే ఈస్ట్‌లోని ఫో5 జన్యువు, ఫాస్ఫేట్ బాగా తగ్గిపోయినప్పుడు, కణం వెలుపలి సేంద్రియ పదార్థాల నుంచి దానిని విడదీసే ఆమ్ల ఫాస్ఫటేజ్ ఎంజైముకు ఆధారం.

తెరపై ఈ జన్యువుకు ముందుండి అనులేఖనాన్ని నియంత్రించే ప్రమోటర్ భాగాన్ని చూడండి. ఫాస్ఫేట్ కొరత ఏర్పడినప్పుడు కేంద్రకంలో పోగుపడే ఫో4 అనే ప్రోటీన్ ఇక్కడ రెండు చోట్ల అతుక్కొని అనులేఖనాన్ని ప్రేరేపిస్తుంది. ఒక చోట సి-ఎ-సి-జి-టి-జి అనే క్రమం ఉంది. దీనిని ఫో4 గట్టిగా పట్టుకుంటుంది. రెండో చోట చివరి జి స్థానంలో టి ఉన్నందువల్ల ఆ పట్టు సడలుతుంది. అక్షరాలను మాత్రమే చూస్తే ఫో4 ముందుగా బలమైన చోటికే చేరుతుందని అనిపిస్తుంది. కానీ ఫాస్ఫేట్ పుష్కలంగా ఉన్నంతకాలం ఆ చోటు న్యూక్లియోజోమ్‌లో, అంటే కండెకు దారం చుట్టినట్టు సుమారు 147 క్షార జంటల డీఎన్ఏ హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకున్న భాగంలో, మరుగునపడి ఉంటుంది. రెండు న్యూక్లియోజోముల నడుమ బయటికి తెరుచుకొని ఉన్నది బలహీనమైన చోటే. అనులేఖనం మొదలవడానికి తోడ్పడే టాటా బాక్స్ అనే క్రమం సైతం మరో న్యూక్లియోజోమ్ చాటున ఉంటుంది.

ఈ అమరిక ఫలితం ఆసక్తికరమైనది. బయటి స్థానం బలహీనం కనుక, కొరత తీవ్రమై ఫో4 బాగా పోగుపడితే తప్ప ఫో5 స్పందించదు. ఆ ఒక్క స్థానాన్ని బలమైన క్రమంగా మార్చి చూసినప్పుడు ప్రమోటర్ తేలికపాటి కొరతకే స్పందించింది. మరుగున ఉండి, న్యూక్లియోజోమ్ తొలిగాక బయటపడే స్థానం మాత్రం అనులేఖనం గరిష్ఠంగా ఏ స్థాయికి చేరగలదో నిర్ణయిస్తుంది. ఫాస్ఫేట్‌ను లోపలికి చేరవేసే ఫో84 జన్యువులో బలమైన స్థానమే బయట ఉండటంతో అది ముందే మేల్కొంటుంది. కణం వైపు నుంచి చూస్తే ఇది సబబే: ఉన్న ఫాస్ఫేట్‌ను తెచ్చుకోవడం ముందు, అది చాలనప్పుడే ఎంజైము ఖర్చు.

న్యూక్లియోజోమ్ ఎక్కడ కూర్చోవాలన్న విషయంలోనూ క్రమానికి పాత్ర ఉంది. డీఎన్ఏ రెండు పోగులలో ఒకదానిలో వరుసగా ఎ అక్షరాలు, ఎదుటి పోగులో టి అక్షరాలు ఉన్న భాగం బిరుసుగా ఉండి సులువుగా వంగదు కాబట్టి హిస్టోన్లకు అంతగా లొంగదు. ఈస్ట్ ప్రమోటర్లలో ఇటువంటి భాగాలు ఎన్నో ఉన్నాయి. హిస్3 జన్యువు ముందున్న అటువంటి భాగం తన నిర్మాణం వల్లనే అనులేఖనాన్ని పెంచుతుందని అయ్యర్, స్ట్రూల్ 1995లో చూపించారు. ప్రమోటర్‌ను ప్రోటీన్లు చదివే అక్షరాల జాబితాగా మాత్రమే బోధించడం అందుకే అసంపూర్ణమని నా అభిప్రాయం.

ఇప్పుడు సాక్రోమైసిస్ జీనోమ్ డేటాబేస్‌లో ఫో5 ముందున్న 500 క్షారాలను తెరిచి, ఈ రెండు క్రమాలనూ వెతకండి. బలమైన క్రమం రెండు పోగులలోనూ ఒకేలా చదవబడుతుంది. బలహీనమైన దానిని మాత్రం ఎదుటి పోగులో ఎ-ఎ-సి-జి-టి-జి అని కూడా వెతకాలి.