పదో బెడ్డు లివరు

శ్రోతలకు నమస్కారం.

1950ల చివర్లో లండన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి, నర్సుల శిక్షణలో వచ్చిన చిక్కును విప్పమని ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలి సాయం అడిగింది. అక్కడ రోగుల్ని పేరుతో పిలవడం తక్కువ. ‘పదో బెడ్డు లివరు’, ‘పదిహేనో బెడ్డు నిమోనియా’ అనేవాళ్లు. పని పంచిన తీరూ అలాంటిదే. ఒక నర్సు కొద్దిమందిని పూర్తిగా చూసుకోవడం కాకుండా, వార్డులో అందరికీ తలా ఒక చిన్న పని చేసుకుంటూ పోవాలి.

ఇది రాతిగుండె వల్ల వచ్చింది కాదన్నారు మెంజీస్. నొప్పిని, చావును రోజంతా దగ్గరగా చూసేవాళ్ల మనసు తన కోసం కట్టుకున్న గోడ అది. పేరు తెలిస్తే పిల్లలెందరో తెలుస్తుంది. పిల్లల సంగతి తెలిస్తే, ఆ మనిషి పోయిన రాత్రి నిద్ర పట్టదు. పోనీ ఆ గోడతో నర్సులకు ఊరట దక్కిందా? అదీ లేదు. చాలామంది శిక్షణ మధ్యలోనే మానేసి వెళ్లిపోయేవాళ్లు.

అందుకే ‘ఈ డాక్టర్లకు జాలి లేదండీ’ అని ఎవరైనా అంటే నేను వెంటనే తలూపలేను. 1981లో క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ అనే పరిశోధకులు బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో మనసు పూర్తిగా అలసిపోవడాన్ని, కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. ఎదుటి మనిషిని వస్తువులా చూడటం అందులో ఒక ముఖ్య భాగం. అంటే దాన్ని దుర్గుణాల్లో కాదు, అలసట లక్షణాల్లో చేర్చారన్నమాట.

కొంత దూరం అవసరమే. పసిబిడ్డకు సూది వేసే సిస్టరు ఆ ఏడుపుకి చెయ్యి వణికించుకుంటే ఎవరికి నష్టం? ఆపరేషన్ థియేటర్‌లో పనికొచ్చే ఆ మనసునే ఓపీ గదిలోకీ తెచ్చుకోవడంతో వస్తుంది తంటా.

బెంగళూరు ఆసుపత్రుల్లో ఇది మన తెలుగువాళ్లకు ఇంకాస్త ఎక్కువ తగులుతుంది. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో తెల్లారుజామున బస్సు దిగిన పెద్దావిడ, ఒళ్లో స్కానింగు ఫిల్ముల కవరు పెట్టుకుని కూర్చుంటుంది. డాక్టరు ఆమె కొడుకును అడుగుతారు, కన్నడంలోనో ఇంగ్లీషులోనో: “రాత్రి నిద్రపోతున్నారా? తింటున్నారా?” నొప్పి ఆమెది, జవాబు కొడుకుది. ఆమె “అయ్యా, ఎడంపక్క...” అనబోతే “నువ్వుండమ్మా” అనేది కూడా కొడుకే. ఇందులో మన వాటా తక్కువేం కాదు, డాక్టర్ని ఒక్కరినే తిట్టి లాభం లేదు. ఆవిడ నోరు మూసుకుంటుంది. నోరు మూసుకున్నకొద్దీ ఎదుటివాళ్లకు ఫైలే కనిపిస్తుంది. చెప్పకుండా మిగిలిపోయిన ఆ ఎడంపక్క నొప్పే అసలు జబ్బు కావచ్చు.

మర్యాద వాళ్లవాళ్ల దయకే వదిలెయ్యకూడదని మన చట్టం కూడా గుర్తించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక చికిత్సాలయంలో ఉన్నవాళ్లకు బలవంతంగా గుండు చేయకూడదు. యూనిఫాం వేసుకోమని ఒత్తిడి చేయకూడదు. కావాలంటే సొంత బట్టలే కట్టుకోవచ్చు. చీర, జుట్టు చిన్న విషయాలే అనుకుంటాం, మనవి మన దగ్గరున్నంతసేపూ.

బ్రిటన్‌లో కేట్ గ్రాంజర్ అనే డాక్టరు తనే క్యాన్సర్ రోగిగా మంచమెక్కారు. తనను చూసుకుంటున్న సిబ్బందిలో చాలామంది తమ పేరైనా చెప్పకపోవడం ఆమెను బాధపెట్టింది. ‘నమస్తే, నా పేరు ఫలానా’ అని మొదలుపెట్టండంటూ 2013లో ప్రచారం ప్రారంభించారు. 2016లో ఆమె పోయారు, ఆ అలవాటు మాత్రం చాలా ఆసుపత్రులకు పాకింది.

కెనడా మానసిక వైద్యుడు హార్వే చోచినోవ్ రోగులను అడగమని చెప్పే ప్రశ్న ఒకటుంది: మీకు మంచి వైద్యం చేయాలంటే, ఒక మనిషిగా మీ గురించి నేనేం తెలుసుకోవాలి? అనంతపురం రైతును అడిగితే “చెనక్కాయ పీకే టయానికి ఇంటికాడ ఉండాల సార్” అనొచ్చు. అది కేస్ షీట్‌లో ఒక్క లైను. మళ్లీ ఎప్పుడు రమ్మనాలో, ఏ మందైతే ఆయన ఆపకుండా వాడగలడో డాక్టరు ఆ లైను చూసి తేల్చుకోవచ్చు.

సెలవు.